టీనేజ్ పిల్లలకు లక్ష్యం పెట్టుకోవడం నేర్పేదెలా: మొదటి మాట నుంచి ఆరో వారం దాకా

"పెద్దయ్యాక ఏమవుతావు?" అని పదమూడేళ్ల పిల్లల్ని అడిగి చూడండి. కొందరు భుజాలెగరేస్తారు. కొందరు అడిగినవాళ్లకు ఏది నచ్చుతుందో కనిపెట్టి అదే చెప్పేస్తారు. మనసులో ఉన్నమాట బయటపెట్టేవాళ్లు తక్కువ. ఆ ప్రశ్నతో మొదలుపెట్టడమే ఇబ్బంది. లక్ష్యం పెట్టుకోవడం అనేది ఈతలాగా, సైకిల్‌లాగా చేసి చేసి నేర్చుకునే పని. లోతు తక్కువ ఉన్నచోట మొదలుపెట్టాలి. ఆరు వారాల్లో అందే చిన్న లక్ష్యం మీద చెయ్యి తిరిగిన పిల్లలు పెద్దవాటి జోలికి వాళ్లంతట వాళ్లే వెళ్తారు.

13 నుంచి 18 ఏళ్ల పిల్లలున్న తల్లిదండ్రులు, టీచర్లు, కోచ్‌ల కోసం రాసిన పద్ధతి ఇది. మొత్తం ఒకే షరతు మీద నిలబడుతుంది: లక్ష్యం పిల్లలది, పెన్నూ పిల్లల చేతిలోనే ఉండాలి. ప్రశ్నలు అడగడం, వారానికి 10 నిమిషాలు పక్కన కూర్చోవడం పెద్దల వంతు. ఈ షరతు తప్పితే కింద చెప్పే అడుగులన్నీ ఇంకో హోంవర్క్ అయిపోతాయి. పిల్లలు హోంవర్క్‌తో ఏం చేస్తారో దీనితోనూ అదే చేస్తారు.

ఎందుకు అన్నది ముందు పెద్దలకు తెలియాలి

"నీకు చేతనైనంత చెయ్యి" అనే మాట ప్రేమగానే ఉంటుంది, పని మాత్రం చేయించదు. చేతనైనంత అంటే ఎంతో ఎవరికీ తెలియదు కాబట్టి ఎక్కడ ఆగినా అదే చేతనైనంత అయిపోతుంది. ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు చేసిన పనిలో పదేపదే తేలింది ఇదే: స్పష్టంగా ఉండి, కొంచెం కష్టపెట్టే లక్ష్యం ఉన్నవాళ్లు 'చేతనైనంత' అనుకున్నవాళ్లకంటే ఎక్కువ చేస్తారు. 1975లో లేథమ్, బాల్డెస్ ప్రచురించిన ఒక అధ్యయనం కలప మోసే లారీల మీద జరిగింది. డ్రైవర్లు చట్టం అనుమతించే బరువులో దాదాపు 60 శాతమే వేసుకుని వెళ్తుండేవారు. 94 శాతం అని ఒక అంకె ఇచ్చాక అది 90 శాతం దగ్గరికి చేరింది. జీతం పెంచలేదు, లారీలు మార్చలేదు.

అంకె మాయ చేయదు. అది చూపును ఒకచోట నిలుపుతుంది, ఎంత శ్రమ పెట్టాలో చెబుతుంది, మధ్యలో వదిలేయకుండా పట్టి ఉంచుతుంది, ఉన్న దారి పనిచేయకపోతే ఇంకో దారి వెతికిస్తుంది. ఇదంతా జరగాలంటే ఆ పని చేయగల నేర్పు ఎంతో కొంత ఉండాలి. ఎంతవరకు వచ్చామో తెలుస్తుండాలి. లక్ష్యం తనదని అనిపించాలి. టీనేజ్‌లో ఎక్కువగా తెగేది ఈ చివరి పోగే.

ఈ వయసుకు ఇంకో చిక్కుంది. ముందుచూపుకు, ఆవేశానికి కళ్లెం వేయడానికి ముఖ్యమైన మెదడు ముందుభాగం ఎదగడం ఇరవైల మధ్యదాకా సాగుతూనే ఉంటుంది. దగ్గర్లో ఉన్న ఆనందం మీద ఆకర్షణ మాత్రం టీనేజ్‌లోనే బలంగా ఉంటుంది. మూడేళ్ల తర్వాత రాబోయే ఫలితం పెద్దలకు కనిపించినంత దగ్గరగా పిల్లలకు కనిపించదు. అందుకే గడువు చిన్నగా ఉండాలి. మా లెక్కలో 13–14 ఏళ్లవాళ్లకు రెండు మూడు వారాలు, 15–16 వాళ్లకు ఆరు వారాలు, 17 దాటినవాళ్లకు మూడు నెలలు. మొదటిసారైతే ఏ వయసువాళ్లకైనా ఆరు వారాలు మించకుండా చూడండి.

పిల్లలకు ఇవన్నీ ఉపన్యాసంగా చెప్పకండి. ఐదు నిమిషాల ఆట ఆడించండి. "ఒక ఇటుకతో ఏమేం చేయొచ్చో 2 నిమిషాల్లో రాయి, నీకు వచ్చినన్ని." లెక్కపెట్టండి. తర్వాత: "ఇప్పుడు ఒక పెద్ద గుడ్డముక్కతో. నీ అంకె ఇప్పుడే 9 వచ్చింది, ఈసారి 12." చాలామంది రెండోసారి ఎక్కువ రాస్తారు. తెలివైన పిల్ల ఎవరైనా "రెండోసారి కాబట్టి అలవాటైంది" అంటే మెచ్చుకోండి, ఆ మాట నిజమే. గుంపుగా ఉంటే సగం మందికి మొదటి రౌండ్‌లోనే అంకె ఇచ్చి తేడా చూడమనండి. తాము కొలిచింది పిల్లలు నమ్ముతారు.

ఈ సందర్భంలో ఒక కథ చెప్పాలని చాలామందికి నోరూరుతుంది: 1953లో యేల్ విశ్వవిద్యాలయంలో లక్ష్యాలు రాసుకున్న 3 శాతం విద్యార్థులు తర్వాత మిగతా 97 శాతం కంటే ఎక్కువ సంపాదించారని. అలాంటి అధ్యయనం జరగనే లేదు. పిల్లలు ఫోన్‌లో వెతికితే ఒక్క నిమిషంలో బయటపడుతుంది, దానితో మీరు చెప్పిన మిగతా మాటల విలువా పోతుంది.

మొదటి అడుగు: ఏం కావాలో వినడం

20 నిమిషాలు చాలు. ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చోవడమో, నడుస్తూ మాట్లాడుకోవడమో మేలు. ముఖంలోకి చూస్తూ అడిగితే ఈ వయసు పిల్లలకు విచారణలా ఉంటుంది. మార్కులు వచ్చిన రోజు, గొడవ పడిన రోజు వద్దు.

అడగాల్సినవి: ఈ మధ్య నీకు టైం తెలియకుండా గడిచిపోయిన పని ఏది? నీకు చిరాకు పుట్టిస్తున్నది, మారితే బాగుండు అనిపించేది ఏది? నీ వయసువాళ్లలో ఎవరు ఏం చేస్తుంటే 'నాకూ వస్తే బాగుండు' అనిపిస్తుంది? ఈ మూడింటికీ వచ్చినవన్నీ పిల్లల చేతే ఒక కాగితం మీద రాయించండి. ఎనిమిది పది వస్తాయి. "వీడియో గేమ్‌లో ఫలానా లెవెల్" అని రాసినా ముఖం చిట్లించకండి. మొదటి లక్ష్యం గొప్పది కానక్కర్లేదు. పద్ధతి ఒంటబట్టడానికి ఏదైనా పనికొస్తుంది.

జాబితాలో ఏది నిజంగా వాళ్లదో, ఏది మీకోసం రాసిందో తేల్చడానికి 0 నుంచి 10 కొలత బాగా పనిచేస్తుంది. కౌన్సెలింగ్ చేసేవాళ్లు వాడే ఉపాయమిది. పదునంతా రెండో ప్రశ్నలోనే ఉంది:

"గిటార్ నేర్చుకోవాలని ఎంతుంది? 0 నుంచి 10లో చెప్పు."
"ఏమో... 6."
"4 ఎందుకు చెప్పలేదు?"
"4 అంటే అసలు పట్టించుకోనట్టు కదమ్మా. నాకు ఒక్క పాటైనా మధ్యలో ఆగకుండా మొత్తం వాయించాలనుంది."
"ఏ పాట?"

"10 ఎందుకు కాదు?" అని అడిగి ఉంటే ఆ అమ్మాయి తీరిక లేదని, వేళ్లు నొప్పెడతాయని సాకులన్నీ వరస పెట్టేది. తన నోటితో తను చెప్పిన సాకులను తనే నమ్మేది. "తక్కువ ఎందుకు కాదు?" అని అడిగితే తన కారణాలు తనకే వినిపిస్తాయి. ఆ కారణాన్ని ఉన్నదున్నట్టు, పిల్లల మాటల్లోనే కాగితం పైన రాయించండి. మూడో వారంలో దానితో పని పడుతుంది. 5 కంటే తక్కువ వచ్చినవాటిని పక్కన పెట్టేయండి.

రెండో అడుగు: ఒక్కటే

ఒక్కటే ఎంచుకోవాలి. అలవాటైనవాళ్లకు రెండు. ఉత్సాహం మీద చదువు, వ్యాయామం, పొద్దున్నే లేవడం, ఫోన్ తగ్గించడం నాలుగూ ఒకే సోమవారం మొదలుపెడితే గురువారానికి నాలుగూ పోతాయి. మిగతావి వరుసలో ఉన్నాయని చెప్పండి, కాగితం దాచిపెట్టండి.

మూడో అడుగు: కోరికను పనిగా మార్చడం

ఇక్కడ తొందరపడకండి. ఎక్కువమంది పిల్లలు లక్ష్యం అని రాసేది కోరికే: "లెక్కల్లో మంచి మార్కులు", "ఫిట్‌గా అవ్వాలి". స్పష్టంగా ఉండాలి, కొలవగలగాలి, అందేలా ఉండాలి, గడువుండాలి అనే 'స్మార్ట్' సూత్రం చాలా బడుల గోడల మీద కనిపిస్తుంది. అది 1981లో మేనేజర్ల కోసం జార్జ్ డోరన్ రాసిన చిన్న వ్యాసంలోంచి వచ్చింది. తప్పేం లేదు గానీ అది లక్ష్యాన్ని వాక్యంగా చక్కదిద్దుతుంది, అంతవరకే. "6 వారాల్లో లెక్కల్లో 52 నుంచి 65కి రావాలి" అన్నది ఆ సూత్రం ప్రకారం పరిపూర్ణమైన లక్ష్యం. అయినా మర్నాడు సాయంత్రం ఆరింటికి కూర్చుని ఏం చేయాలో అందులో లేదు.

అదే ఉదాహరణ తీసుకుని చివరిదాకా వెళ్దాం. పాత జవాబు పత్రం బయటికి తీయండి. పోయిన 48 మార్కుల్నీ మూడు కుప్పలుగా విడగొట్టమనండి: అసలు చేయడం రాక పోయినవి, వచ్చి కూడా పొరపాటు చేసినవి, టైం చాలక వదిలేసినవి. ఒక పిల్లాడికి అవి 22, 17, 9 అని వచ్చాయనుకుందాం. అంతదాకా "నాకు లెక్కలు రావు" అనుకుంటున్న కుర్రాడికి, పోయినవాటిలో సగానికి పైగా వచ్చిన లెక్కలవో, చేరుకోనివో అని మొదటిసారి కనిపిస్తుంది. చాలామంది ముఖాలు ఈ ఒక్క లెక్కతోనే మారతాయి.

ఇప్పుడు 13 మార్కులు ఎక్కడి నుంచి వస్తాయో వెతకాలి. పొరపాట్లలో సగం ఆపితే 8. రాని 22లో 11 మార్కులు రెండు పాఠాలవే అయితే, ఆ రెండిటినీ కూర్చుని నేర్చుకుంటే కనీసం 5. మొత్తం 13. టైం చాలనివాటిని ఇప్పుడు ముట్టుకోనక్కర్లేదు. అప్పుడు రాసే వాక్యం ఇలా ఉంటుంది:

"సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం 6 నుంచి 6:40 దాకా, ఆ రెండు పాఠాల నుంచి 5 లెక్కలు చేస్తాను. ప్రతి లెక్క చివర గుర్తులు (కూడిక, తీసివేత), అంకెలు సరిగ్గా ఎత్తి రాశానా అని రెండోసారి చూసి టిక్ పెడతాను. 6 వారాలు."

మార్కులు పేపర్ దిద్దేవాళ్ల చేతిలో కూడా ఉంటాయి. 5 లెక్కలు, టిక్కు మాత్రం పూర్తిగా తన చేతిలోవే. కాగితం మీద రెండూ ఉండాలి: పైన ఫలితం ఒక్క లైనులో, కింద పని పెద్ద అక్షరాల్లో.

గిటార్ అయినా దారి ఇదే. "పాట మొత్తం వాయించాలి" అన్నది ఫలితం. పాట మధ్యలో ఆగేది సాధారణంగా ఒక కార్డ్ (ఒకేసారి కలిపి పలికించే స్వరాల కూర్పు) నుంచి ఇంకో కార్డ్‌కు వేళ్లు మారేచోట. కాబట్టి పని: రోజూ 10 నిమిషాలు, అందులో 1 నిమిషం గడియారం పెట్టుకుని 'జి' నుంచి 'సి'కి ఎన్నిసార్లు శుభ్రంగా మారగలిగిందో లెక్కపెట్టడం. మొదటిరోజు 12 వస్తే రాసుకోవాలి, 30 దగ్గరికి వచ్చేసరికి పాట దానంతటదే జారుతుంది.

పూర్తిగా కొత్త విషయానికి ఒక మినహాయింపు ఉంది. ప్రోగ్రామింగ్‌లాంటివి మొదటిసారి మొదలుపెడుతున్నప్పుడు ఫలితాల అంకె బెదరగొడుతుంది, నేర్చుకోవడానికి అడ్డుపడుతుంది. అలాంటప్పుడు "నెలలో యాప్ తయారుచేస్తా" కంటే "ఈ తప్పును సరిదిద్దే మూడు రకాలు తెలుసుకుంటా" లాంటి నేర్చుకునే లక్ష్యం పెట్టుకోనివ్వండి.

నాలుగో అడుగు: ముక్కలు చేయడం, టైం నిజాయితీగా వేయడం

బండూరా, షంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1981లో ఒక ప్రయోగం ప్రచురించారు. తీసివేతల్లో వెనకబడిన చిన్నపిల్లలకు 42 పేజీల అభ్యాసాలు, 7 విడతల్లో చేయమని ఇచ్చారు. కొందరికి విడతకు 6 పేజీలు అన్నారు, కొందరికి చివరికల్లా 42 అన్నారు. లెక్క ఒకటే. విడతకు 6 అనుకున్నవాళ్లు లెక్కలూ బాగా నేర్చుకున్నారు, తమకు వస్తాయన్న నమ్మకమూ వాళ్లకే ఎక్కువ కలిగింది. ముక్క చిన్నదైతే గెలుపు త్వరగా కనిపిస్తుంది.

ముక్క ఎంత ఉండాలి? విసుగ్గా, అలసటగా ఉన్న రోజున కూడా చేయగలిగినంత. పిల్లలు మొదటిరోజు ఊపులో "రోజుకు రెండు గంటలు" అంటారు. వాదించకుండా "పోయిన మంగళవారం సాయంత్రం ఏం చేశావో గుర్తు తెచ్చుకో, అందులో ఆ రెండు గంటలు ఎక్కడ పడతాయి?" అని అడగండి. వాళ్లే తగ్గించుకుంటారు.

టైం అంచనాలో పెద్దలే తప్పుతారు, ఇక పిల్లలెంత. 1994లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో యూనివర్సిటీ విద్యార్థులు తమ థీసిస్ సగటున 34 రోజుల్లో అవుతుందనుకున్నారు, 55 రోజులకు పైనే పట్టింది. కాబట్టి వాళ్లు వేసిన అంచనాకు సగం కలపండి: 4 వారాలంటే 6 అని రాయండి. పరీక్షలు, ఊరి ప్రయాణాలు, పోటీలు క్యాలెండర్‌లో ముందే గుర్తుపెట్టి, ఆ వారాల్లో పని సగం అని అప్పుడే రాసుకోవాలి. నిద్రను కోసి టైం తీయడం ఒప్పుకోకండి. ఈ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలి. నిద్ర తగ్గించి మొదలుపెట్టినది రెండో వారం దాటదు.

ఐదో అడుగు: అడ్డంకిని ముందే పిలవడం

ఇది దాటేసేవాళ్లు ఎక్కువ. దాటేయకండి. లక్ష్యం అందినట్టు ఊహించుకుంటే బలం వస్తుందని చెబుతుంటారు. అదొక్కటే చేస్తే మనసు అప్పుడే అందినట్టు తృప్తిపడి పని తగ్గిస్తుందని గాబ్రియేలా ఓటింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనలు చూపించాయి. ఊహ వెంటనే అడ్డంకి కూడా కళ్లముందుకు రావాలి, ఆ అడ్డంకికి ఒక జవాబు సిద్ధంగా ఉండాలి. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, పెద్ద పరీక్షకు సిద్ధమవుతున్న 66 మంది హైస్కూల్ విద్యార్థుల్లో కొందరితో ఇలాంటి అరగంట రాతపని చేయించారు. తర్వాతి నెలల్లో వాళ్లు మిగతావాళ్లకంటే 60 శాతానికి పైగా ఎక్కువ అభ్యాస ప్రశ్నలు చేశారు.

రాతపని ఇది. ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు ఇచ్చి, మాట్లాడకుండా రాయనివ్వండి:

1. ఇది జరిగితే నాకు అన్నిటికంటే బాగుండేది ఏమిటి?
2. నా లోపల ఏది నన్ను ఆపుతుంది?
3. ఒకవేళ ____ అయితే, నేను ____ చేస్తాను.

రెండో ప్రశ్నలో "నా లోపల" అన్నమాట ముఖ్యం. "టీచర్ సరిగా చెప్పరు" అని రాస్తే అది నిజమే కావచ్చు, కానీ దాన్ని పిల్లలు మార్చలేరు. "లెక్క రాకపోతే సిగ్గేసి ఫోన్ తీస్తాను" అన్నది దొరికాక పని మొదలవుతుంది.

మూడోదాన్ని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 'ఇలా అయితే అలా' పథకాలన్నారు. పరిస్థితి ముందే తగిలించి ఉంచితే ఆ క్షణంలో ఆలోచించే బరువు తప్పుతుంది. కుర్రాడి కాగితం మీద ఇవి ఉండొచ్చు:

"6 గంటలకు నోట్‌బుక్ తెరిస్తే, ఫోన్ పక్క గదిలో చార్జింగ్‌కి పెడతాను."
"లెక్క 5 నిమిషాలకూ కదలకపోతే, పక్కన ప్రశ్నగుర్తు పెట్టి తర్వాతి లెక్కకు వెళ్తాను."
"6కి కుదరకపోతే, పడుకునే ముందు ఒకే ఒక్క లెక్క చేస్తాను."

"ఫోన్ చూడను" అన్నది ఇందులో లేకపోవడం గమనించండి. వద్దనుకున్నది తలలో మెదులుతూనే ఉంటుంది, చెయ్యికి ఏ పనీ చెప్పదు. 'చేయను' అని రాసిన ప్రతిచోటా, బదులుగా ఏం చేస్తావని అడగండి. ఇక రెండు మూడు పథకాలు చాలు. పది రాస్తే ఒక్కటీ గుర్తుండదు.

ఆరో అడుగు: కాగితం, గుర్తు, ఒక సాక్షి

యాప్‌లు బోలెడున్నాయి. మా మొగ్గు కాగితానికే, ఎందుకంటే యాప్ తెరవాలంటే ఫోన్ తెరవాలి, ఫోన్ తెరిచాక ఎక్కడ తేలతామో అందరికీ తెలిసిందే. ఒక ఏ4 కాగితం సగానికి మడవండి. పైన కారణం, ఫలితం, పని, 'అయితే' పథకాలు. కింద 6 వరుసల గడులు, వారానికో వరుస. చేసిన రోజు అడ్డగీత, కుదించి చేసిన రోజు చుక్క, చేయని రోజు ఖాళీ. చదువుకునే చోట కళ్లెదురుగా అంటించాలి.

2016లో 138 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, ఎంతవరకు వచ్చామో తరచు చూసుకుంటే లక్ష్యం చేరే అవకాశం పెరుగుతుందని, అది రాతపూర్వకంగా ఉన్నా, ఇంకొకరికి తెలిసేలా ఉన్నా ఆ ప్రభావం ఇంకా ఎక్కువని తేలింది. అలాగని సోషల్ మీడియాలో ప్రకటించమనకండి. "నేను గిటారిస్ట్‌ని అవుతున్నా" అని పోస్టు పెట్టి వంద లైకులు వస్తే, అయిపోయినంత తృప్తి ముందే దక్కుతుంది. ఒక్క సాక్షి చాలు. ఆ సాక్షిని పిల్లలు ఎంచుకోవాలి: అన్నయ్య, స్నేహితురాలు, అత్త, కోచ్ ఎవరైనా సరే. అమ్మానాన్నలను ఎంచుకోకపోతే నొచ్చుకోకండి.

ఏడో అడుగు: వారానికి 10 నిమిషాలు

రోజూ అడిగితే కాపలా అవుతుంది, అసలు అడగకపోతే కాగితం గోడ మీద రంగు వెలిసిపోతుంది. వారంలో ఒక రోజు, ఒక టైం, 10 నిమిషాలు. గడియారం చూసి ఆపేయండి. ఎప్పుడు అయిపోతుందో తెలిస్తే పిల్లలు కూర్చుంటారు.

ముందు కాగితం కలిసి చూడండి, ఏమీ అనకుండా. తర్వాత వరసగా: "ఏది బాగా కుదిరింది?" "ఎక్కడ ఆగింది?" "వచ్చేవారం ఒక్కటే మారుస్తావంటే ఏది?" జవాబు వచ్చేదాకా ఊరుకోండి, పది పదిహేను సెకన్లు పట్టినా. ఆ మౌనాన్ని పెద్దలు సలహాతో నింపేస్తారు. అక్కడే లక్ష్యం చేతులు మారిపోతుంది. పొగడాలనిపిస్తే తెలివిని కాకుండా జరిగినదాన్ని పొగడండి: "శుక్రవారం కుదరకపోయినా రాత్రి ఒక లెక్క చేశావు, చుక్క ఉంది." "నేను ముందే చెప్పా", "మీ అక్క అయితే" అనే రెండు మాటలు ఆ 10 నిమిషాల్లో నిషేధం.

మూడో వారం

కొత్తదనం మొదటి రెండు వారాలు లాగుతుంది. మూడో వారంలో గడులు ఖాళీ అవుతాయి. ఇది దాదాపు అందరికీ వస్తుందని మొదటిరోజే చెప్పి ఉంచండి, అప్పుడు ఖాళీ గడి ఓటమిలా కనిపించదు. లండన్‌లో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని గమనించినప్పుడు, ఒక పని అలవాటుగా స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 రోజులని అంచనా. '21 రోజుల్లో అలవాటు' అన్న నానుడిని పిల్లల చెవిన వేయకండి, 22వ రోజు తమలోనే లోపం ఉందనుకుంటారు. ఒక రోజు తప్పినందువల్ల పెద్ద నష్టం లేదని కూడా అదే అధ్యయనంలో కనిపించింది. ప్రమాదం రెండో రోజుతోనే. కాబట్టి నియమం: వరసగా రెండు ఖాళీలు వద్దు, రెండో రోజు చుక్కైనా పడాలి.

వరసగా ఒక వారం ఖాళీగా ఉంటే మూడు దారులున్నాయి. పని సగానికి కుదించడం (5 లెక్కలు 2 అవుతాయి). వేళనో, చోటునో, పద్ధతినో మార్చడం. లేదా వదిలేయడం. వదిలేయడం కూడా నేర్పాల్సిన నైపుణ్యమే, దానికీ ఒక నియమం పెట్టండి: చిరాకులో ఉన్న రోజు నిర్ణయించకూడదు, వారపు 10 నిమిషాల్లోనే నిర్ణయించాలి. పైన రాసుకున్న కారణం చదవాలి. అది ఇంకా నిజమేనా అని అడగాలి. నిజం కాకపోతే కాగితం వెనక "ఎందుకు వదిలేశాను" అని రెండు లైన్లు రాసి, జాబితాలోంచి ఇంకోటి తీసుకోవాలి.

ఎక్కువగా తేడా కొట్టేచోట్లు

బహుమతులు. "65 వస్తే కొత్త ఫోన్" అనగానే లక్ష్యం లెక్కల నుంచి ఫోన్‌కు మారిపోతుంది. 1973 నాటి ఒక పేరున్న ప్రయోగంలో, బొమ్మలేయడం ఇష్టపడే చిన్నపిల్లలకు వేస్తే బహుమతి అని ముందే చెప్పి ఇస్తే, తర్వాత వాళ్లంతట వాళ్లు వేయడం తగ్గింది. ఇష్టం ఉన్నచోట బహుమతి తేకండి. బొత్తిగా ఇష్టం లేని, తప్పనిసరి పనికి చిన్నదేదైనా ఇవ్వొచ్చు, అదీ ఫలితానికి కాకుండా చేసిన పనికి. ఆరు వారాలు అయ్యాక ముందే చెప్పకుండా కలిసి సంబరం చేసుకోవడంలో ఇబ్బంది లేదు.

పెద్దల లక్ష్యం పిల్లల చేతిరాతలో. దీన్ని గుర్తుపట్టడం సులువు: వాక్యంలో మాటలు పిల్లలు మాట్లాడే మాటల్లా ఉండవు. "క్రమశిక్షణతో ఉన్నత శిఖరాలు" అని కనిపించిందంటే మొదటి అడుగుకు వెనక్కి వెళ్లండి.

మరీ సులువైన లక్ష్యం. ఓడిపోతామన్న భయంతో కొందరు ఇప్పటికే చేస్తున్నదాన్నే రాస్తారు. "ఇది జరుగుతుందని ఎంత నమ్మకం, 10లో?" అని అడగండి. 10 అంటే కొంచెం పెంచాలి, 5 అంటే తగ్గించాలి. 7, 8 దగ్గర కుదిరినట్టు.

శరీరం బరువు. పెరిగే వయసులో ఉన్నవాళ్లకు కిలోల అంకెను లక్ష్యంగా పెట్టనివ్వకండి. ఆడుకోవడం, పరుగు, నిద్ర లాంటి పనుల మీద పెట్టుకోవచ్చు. భోజనం దాటేయడం, తిన్నాక దాక్కోవడం, పదేపదే బరువు చూసుకోవడం కనిపిస్తే లక్ష్యాల మాట పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అలాగే రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకుండా, నిద్ర, ఆకలి మారిపోయి ఉన్న పిల్లలకు కావాల్సింది వైద్య సహాయం. అది బద్ధకమనుకుని ఇంకో లక్ష్యం పెట్టడం హాని చేస్తుంది.

తరగతిలో చేయించాలంటే

30 మందితో అయినా జరుగుతుంది, 40 నిమిషాల పీరియడ్లు నాలుగు, తర్వాత వారానికి 10 నిమిషాలు. మొదటి పీరియడ్‌లో ఇటుక ఆట, జాబితా. రెండోదానిలో 0–10 కొలతను జంటలుగా ఒకరినొకరు అడగడం. "తక్కువ ఎందుకు కాదు?" ప్రశ్నను బోర్డు మీద రాసి ఉంచండి, లేకపోతే సగం మంది "10 ఎందుకు కాదు?" అని అడిగేస్తారు. మూడోది పూర్తిగా కోరికను పనిగా మార్చడానికే. మీరు బోర్డు మీద ఒకదాన్ని తప్పుల తడకగా రాసి, వాళ్లచేత దిద్దించండి. నాలుగోది అడ్డంకులు, కాగితం తయారీ. జంటలే సాక్షులు. ఒక జంట ఇద్దరూ ఒకేసారి జారిపోతే ముగ్గురి గుంపులో కలపండి.

కాగితాలకు మార్కులు వేయకండి. వేసిన మరుక్షణం గడులన్నీ అడ్డగీతలతో నిండిపోతాయి, అందులో సగం అబద్ధాలుంటాయి. ఎవరి లక్ష్యం ఏమిటో అందరి ముందూ చదివించకండి. కొందరు ఇంటి గొడవల గురించో, నత్తి గురించో రాసుకుని ఉంటారు.

ఆరు వారాలు అయ్యాక రెండో కాగితం. ఈసారి మీరు మూడో అడుగు దగ్గర మాత్రమే పక్కన ఉండండి. మూడో కాగితానికి వారపు 10 నిమిషాలు పిల్లలే పిలవాలి, మీరు గుర్తుచేయకూడదు. పిలవకుండా రెండు వారాలు గడిస్తే ఒక్కసారి అడగండి: "ఈ నెలకు కాగితం ఉందా?" లేదంటే సరే అనండి. కొందరు నాలుగు నెలలు ఆగి, ఏదో పోటీయో, కొత్త పాటో మనసుకు పట్టినప్పుడు, ఏ4 కాగితం ఎక్కడుందని వాళ్లే వెతుక్కుంటారు.